ఏడో కట్ట పటాలం హాజరు

ఆశ్వయుజ బహుళ విదియ

ఈ ఉదయం రేషను పడవ వచ్చింది. మనుషుల్ని పంపండి మహాప్రభో అని మూడు నెలలుగా మొత్తుకుంటుంటే మళ్ళీ బియ్యమే పంపారు. తిట్టుకుందామంటే పడవలో మనిషి కూడా ఉండడు. దానంతట అదే వస్తుంది, రేవుకి ఆనుకుని బస్తాలు దింపేసి వెళ్ళిపోతుంది. ఉన్న పదకొండుమందిమీ మోసుకోలేక మధ్యాహ్నానికి నడుములు పట్టేసి కూర్చున్నాం.

గోదాములో పాత బియ్యమే ముక్కిపోతోంది. అందుకని మా వంటవాడు సోమలింగం ఒక ఉపాయం కనిపెట్టాడు. కట్టకి బుంగ పడినచోట ఇసుక బస్తా బదులు బియ్యం బస్తా కుక్కడం. బియ్యం నాని ఉబ్బి బుంగని బిగించేస్తుంది. రెండు రోజుల్లో పులిసి కంపు కొడుతుంది గానీ, ఇసుక తవ్వి మొయ్యడానికి మనుషులేరీ? తినే బియ్యం బురదలో తొక్కుతున్నామని మాతో పనిచేసే గౌరి ఒక పక్క ఏడుస్తూనే ఉంటుంది, ఒక పక్క తొక్కుతూనే ఉంటుంది.

నేను రాసేది పటాలం చరిత్ర కాబట్టి చెప్పాల్సినవి ముందే చెప్పేస్తాను. కట్టకి తూర్పున సముద్రం. పడమట నడిమిలంక, నాలుగు ఊళ్ళ రైతులు, వాళ్ళ వరిచేలు. ఆ చేల చివర లోపలి గోడ, గోడ వెనక నగరం. సముద్రాన్ని ఈ కట్ట దగ్గరే ఆపడం మా పని. తుపాకులు పట్టుకుని తిరిగే పటాలాల కాలం అయిపోయింది. మా చేతుల్లో ఉన్నవి పారలు, గునపాలు, బస్తాలు. పీత బొరియ పెడుతుంది, బొరియ బుంగవుతుంది, బుంగ గండి అవుతుంది. బొరియ దశలో కనిపెడితే ఒక్క మనిషి చాలు. గండి పడితే ఎంతమందున్నా చాలరు. పదకొండుమందితో రోజూ కట్ట పొడుగునా తిరిగి బొరియలు వెతుకుతున్నాం. కనబడనివి ఎన్ని ఉన్నాయో సముద్రానికే తెలియాలి.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

ఇవాళ వాన. బొరియలు పూడ్చి వచ్చేసరికి హాజరు వేళయింది.

హాజరు అంటే రేవు పక్క స్తంభానికి తగిలించిన బూర ముందు నిలబడడం. సుబేదారు బొంతు తాతారావుగారు పేర్లు పిలుస్తారు. మా జవాబులు ఆ బూర గుండా నగరంలో ఉన్న గణకానికి చేరతాయి. తీరంలో పటాలాలన్నిటినీ నడిపేది ఆ యంత్రమే. ఎవరిని ఎక్కడ ఉంచాలి, ఎవరికి ఎంత తిండి పంపాలి, ఎవరికి విశ్రాంతి ఇవ్వాలి, అన్నీ అదే చూసుకుంటుంది. వెనకటికి గొంతులు కూడా పోల్చేదట. ఉప్పుగాలికి అందరి గొంతులూ ఒక్కలాగే బొంగురుపోతుంటే విసిగి ఆ పద్ధతి మానేసింది. పేరుకొక జవాబు వినబడితే దానికి చాలు.

జాబితాలో మూడువందల పైచిలుకు పేర్లున్నాయి. పిలిచిన ప్రతి పేరుకీ జవాబు వస్తుంది. పలికేది మేం పదకొండుమందిమి.

ఇది మా పటాలం ఆచారం. పటాలం పెట్టిన ఏడాదే కొత్తమొగ దగ్గర గండి పడింది. దాన్ని పూడ్చడంలో చాలామంది పోయారు. ఆ సాయంత్రం అప్పటి సుబేదారు అలవాటు కొద్దీ పోయినవాళ్ళలో ఒకడి పేరు కూడా పిలిచేసి, పిలిచాక గుర్తొచ్చి గొంతు పట్టేసి నిలబడిపోయాడు. ఆ నిశ్శబ్దం భరించలేక చచ్చినవాడి స్నేహితుడు "ఉన్నా" అన్నాడు. ఆ రోజు నుంచి ఏడో పటాలంలో ఎవరి పేరూ జవాబు లేకుండా పోలేదు. ఎవరి పేరుకి ఎవరు పలకాలో పోయేవాళ్ళే చెప్పి పోతారు. చెప్పే వ్యవధి లేకపోతే పక్క మంచం వాళ్ళు తీసుకుంటారు. వాళ్ళూ పోతే ఆ పేర్లన్నీ ఇంకొకరికి. ఆస్తి పంపకం లాంటిదే, కాకపోతే తగాదాలుండవు.

నా వాటాకి ముప్పై పేర్లొచ్చాయి. వాటిలో కాశీపతి మాస్టారిదొకటి. నాకు ముందు ఈ చరిత్ర రాసినాయన. బతికున్నన్నాళ్ళూ హాజరుకి ఆలస్యంగా వచ్చి తిట్లు తినేవాడు. పోయాక నా పుణ్యమా అని ఒక్క పూట తప్పలేదు.

సుబేదారుగారి కూతురు కిన్నెర కూడా మా పటాలమే. తండ్రీ కూతుళ్ళు ఒకే రోజు చేరారు. రెండేళ్ళ కిందట ఒక గండిలో కొట్టుకుపోయింది, ఒళ్ళు దొరకలేదు. "బొంతు కిన్నెరా" అని ఆయనే పిలుస్తారు. ఒక్క క్షణం ఆగుతారు. "ఉన్నా" అని ఆయనే పలుకుతారు. అప్పుడు ఎవరమూ ఆయన మొహంకేసి చూడం.

ఆశ్వయుజ బహుళ దశమి

పడవలో ఇవాళ ఒక పెట్టె వచ్చింది. అందరం ఎగబడి తెరిచాం. పతకాలు! పేరుకొకటి చొప్పున మూడువందల పైచిలుకు పతకాలు, ఎర్ర రిబ్బన్లతో సహా.

కాసేపటికి బూర మోగింది. గణకం గొంతు ఎప్పుడూ పెళ్ళిపిలుపు చదువుతున్నట్టు తియ్యగా ఉంటుంది.

"ఏడో కట్ట పటాలానికి అభినందనలు. స్థాపించిన నాటి నుండి ఒక్క ప్రాణనష్టం గాని, ఒక్క గైర్హాజరు గాని లేకుండా పూర్తి బలంతో సేవలందిస్తున్న ఏకైక పటాలం మీదే. ఎనిమిదో పటాలం బలం పావువంతుకు తగ్గినందున నిబంధన ప్రకారం వారిని లోపలి గోడకు పంపి విశ్రాంతి ఇవ్వడమైనది. మీ సామర్థ్యాన్ని గుర్తించి, వారి కట్టను కూడా మీకే అప్పగించడమైనది."

సోమలింగం నవ్వేశాడు. "అదీ మన పేరండీ!" అంటూ ఒక పతకం చొక్కాకి తగిలించుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఇన్నేళ్ళుగా నగరంలో మనుషులు కరువేమో, అందుకే పంపడం లేదేమో అనుకున్నాం. బియ్యం అన్ని బస్తాలు వస్తుంటే, పోన్లే, తిండికైనా లోటు చెయ్యడం లేదని సంతోషించాం. మేం చెప్పిందే గణకం నమ్మింది. రోజూ సాయంత్రం మూడువందలమంది ఉన్నామని మేమే చెబుతున్నాం. ఎనిమిదో పటాలం వాళ్ళు చచ్చినవాళ్ళని చచ్చారని చెప్పారు కాబట్టి మిగిలినవాళ్ళు ఇవాళ గోడ లోపల పడుకుని నిద్రపోతున్నారు.

పటాలం చరిత్ర రాసేదాన్ని. ఈ సంగతి అందరికంటే ముందు తట్టాల్సింది నాకు. పతకాల పెట్టె వచ్చేదాకా తట్టలేదు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

సుబేదారుగారికి చెప్పాను. ఆయన చాలాసేపు పార కర్రని గోకుతూ కూర్చున్నారు.

"ఉన్న మాట రాసి పంపేద్దారండీ పంతులమ్మగారూ. పదకొండుమందివే ఉన్నావని," అన్నారు చివరికి.

రాసి, బూరలో చదివి పంపాం. సాయంత్రానికల్లా బూరలో జవాబు.

"తమ వినతి పరిశీలించడమైనది. నిన్నటి హాజరు ప్రకారం తమ పటాలం పూర్తి బలంతో ఉన్నది. రేషను, విశ్రాంతి నిమిత్తం గతంలో కొన్ని పటాలాలు తప్పుడు మరణ వార్తలు పంపినందున, బలం విషయంలో హాజరు తప్ప మరే ఆధారమూ చెల్లదు."

బూరని పట్టుకుని పీకి సముద్రంలో పారెయ్యాలనిపించింది. గౌరి నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. ఆ తర్వాత మామూలుగా హాజరు జరిగింది. నా ముప్పై పేర్లకీ నేను పలికాను.

ఆశ్వయుజ అమావాస్య

పోటు పెద్దది వచ్చింది. ఎనిమిదో పటాలం నుంచి మాకు కొత్తగా అంటగట్టిన కట్ట మీద బుంగ పడింది. ఆ వైపు తిరిగి నాలుగు రోజులైంది. తిరగడానికి మనిషి లేడు.

చూసింది సోమలింగం. కేకేసి, మేం వచ్చేలోపు ఆగలేక బస్తా భుజానేసుకుని దిగాడు. బస్తాతో పాటు కట్ట అంచు కూడా జారింది. మేం వెళ్ళేసరికి బుంగ మూసుకుపోయి ఉంది. బస్తా కింద సోమలింగం ఉన్నాడు. బయటికి లాగితే బుంగ మళ్ళీ తెరుచుకుంటుంది. లాగలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. మా పటాలం చరిత్రలో ఇంతకంటే సిగ్గుపడాల్సిన మాట లేదు, ఇంతకంటే నిజమైన మాటా లేదు. లాగలేదు.

సాయంత్రం హాజరులో సుబేదారుగారు సోమలింగం పేరు పిలిచారు. గౌరి "ఉన్నా" అంది. పోతూ పోతూ సోమలింగం ఎవరికీ చెప్పలేదు, పక్క మంచం గౌరిదే. గణకం లెక్కలో సోమలింగం ఈ రాత్రి కూడా అన్నం తిని పడుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "గౌరీ, నువ్వలా అన్నందుకే రేపు మన దగ్గరికి ఇంకో మనిషి రాడు, తెలుసా?" అన్నాను.

"తెల్సండీ," అంది గౌరి. "అలాగని ఆడి పేరు గాలికొదిలేమంటారా? పొద్దున్న గంజి కాసి పోసేడు కదండీ నాకు."

కార్తీక శుద్ధ విదియ

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఇక పలకొద్దు. ఒక్కసారిగా కాదు, రోజుకి పదిహేను ఇరవై పేర్ల చొప్పున వదిలేద్దాం. పున్నమి పోటు లోపల లెక్క పావువంతుకి దిగుతుంది. నిబంధన ప్రకారం కొత్త పటాలం వచ్చి కట్ట అప్పజెప్పుకుంటుంది. మేం పదిమందిమి బతుకుతాం, లంకలో రైతులూ బతుకుతారు. పున్నమి పోటుకి పదిమందితో రెండు కట్టలు నిలబెట్టడం బ్రహ్మదేవుడి వల్ల కాదు.

తలలూపారు. లెక్క అందరికీ అర్థమైంది. తర్వాత గౌరి అడిగింది. "ముందు ఎవురివండీ?"

అక్కడ ఆగిపోయాం.

ముందు పోయినవాళ్ళవి ముందు తీసేద్దామన్నాను. "కొత్తమొగ గండి పూడ్సినోళ్ళనే ముందు గెంటేత్తారేటండీ? ఆళ్ళు లేపోతే ఈ పటాలవే లేదు," అని ఒకతను లేచాడు. పోనీ చివర పోయినవాళ్ళవి? చివర పోయింది సోమలింగం. గౌరి నా వైపు చూసిన చూపుకి నేనే తల దించుకున్నాను. అక్షరాల వరస అంటే, మొదట వచ్చే 'అయినింటి' ఇంటిపేరు వాళ్ళకి పలికే అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోబోయాడు. "మా ఆయన పేరు మొదటి రోజే తీసేత్తే ఆయనకి మొకం ఎలా సూపించనండీ?" అని గౌరి ఏడుపు. పోయినాయనకి మొహం చూపించడమేమిటే అనబోయి ఊరుకున్నాను. నాకు మాత్రం కాశీపతి మాస్టారి పేరు మొదటి రోజు పెట్టడానికి మనసొప్పిందా? ఒప్పలేదు.

చివరికి చీటీలు వేశాం. సుబేదారుగారే బియ్యం తట్టలో చీటీలు కలిపి, కళ్ళు మూసుకుని మొదటిది తీశారు. విప్పి చదివారు. చీటీ నాకేసి చాచారు. నేను తీసుకుని చూశాను. బొంతు కిన్నెర.

ఆయన లేచి కట్ట మీదకి నడుచుకుంటూ వెళ్ళిపోయారు. గౌరి తట్ట తీసుకెళ్ళి చీటీలన్నీ పొయ్యిలో పడేసింది.

కార్తీక శుద్ధ చవితి

రెండు రోజులు పోయాయి. వంతులేసుకుని బుంగలు పూడుస్తున్నాం. మాట్లాడుకోవడం తగ్గిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం సుబేదారుగారు నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. రెండు రోజుల్లో మనిషి సగమైపోయారు.

"అందరియ్యీ ఒక్కసారే ఆపేద్దారండీ," అన్నారు. "ఒకళ్ళు ముందూ ఒకళ్ళు ఎనకా అని లేకుండా. అందరూ కలిసొచ్చేరు, కలిసే ఎల్తారు. అలాగైతే ఎవురికీ బాధుండదు."

నాకూ అదే బాగుందనిపించింది. నిజం చెప్పాలంటే గుండెల మీంచి బండ దించినట్టయింది. ఎవరి పేరు ముందో తేల్చక్కర్లేదు. మిగతావాళ్ళు కూడా వెంటనే ఒప్పుకున్నారు. అంత తొందరగా మా పటాలంలో ఏ విషయమూ తేలలేదు.

కార్తీక శుద్ధ షష్ఠి

ఈ సాయంత్రం అందరం ఉతికిన బట్టలు కట్టుకున్నాం. పతకాల పెట్టె తెచ్చి బూర కింద పెట్టాం. సుబేదారుగారు పేర్లు పిలిచారు. బతికున్న పదిమందిమీ మా మా పేర్లకి మాత్రమే పలికాం.

మిగతా పేర్లు పిలిచి, ఆగి, తర్వాతి పేరుకి వెళ్ళడం. అంతే. పిలిచిన ప్రతిసారీ ఎవరిదో ఒకరిది నోరు తెరుచుకునేది, మళ్ళీ మూసుకునేది. కాశీపతి మాస్టారి పేరు దగ్గర నేను నాలిక కరుచుకున్నాను, రక్తం వచ్చింది. సోమలింగం పేరు దగ్గర గౌరి కూలబడిపోయింది. "బొంతు కిన్నెరా" అని పిలిచి సుబేదారుగారు ఎప్పటికంటే ఎక్కువసేపు ఆగారు. పలుకుతారేమోనని భయపడ్డాను. పలికితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన తర్వాతి పేరు పిలిచారు.

పూర్తయ్యేసరికి చీకటి పడింది. నేను చేరిన ఏడేళ్ళలో మొదటిసారి మేం పదిమందిమేనని నాకు తెలిసింది. అంతకు ముందు లెక్క తెలుసు, అంతే.

కార్తీక శుద్ధ సప్తమి

సామాన్లు సర్దుకుని రేవులో కూర్చున్నాం. కొత్త పటాలం కాలు పెట్టేవరకూ పాత పటాలం కట్ట దిగకూడదు. అది అన్ని పటాలాలకీ నియమమే.

పొద్దున్నే నడిమిలంకలో సైరన్లు మోగాయి. కొత్త పటాలం వస్తోంది కదా, వాళ్ళకి దారి ఇమ్మని అయ్యుంటుందిలే అనుకున్నాం. పడవలు వచ్చాయి, ఒకటా రెండా, దూరాన వరసగా. గౌరి లేచి కొంగు ఊపింది. అవి మా రేవుకి రాలేదు. ఊళ్ళ రేవులకి పోయాయి. జనాన్ని, పశువుల్ని ఎక్కించుకుని గోడవైపు తిరిగి వెళ్ళిపోయాయి. సాయంత్రానికి నాలుగు ఊళ్ళలో ఒక్క పొయ్యి పొగ కూడా లేదు.

"పున్నమి పోటుకి ముందు జాగర్త అయ్యుంటదండీ," అన్నారు సుబేదారుగారు. "మనకోసం రేపొత్తారు."

హాజరు వేళకి బూర దగ్గరికి వెళితే దాని మీద ఉండే చిన్న ఎర్రదీపం ఆరిపోయి ఉంది. అంటే అది ఇక మా మాట వినడం లేదు.

కార్తీక శుద్ధ నవమి

రెండు రోజులు ఎదురుచూశాం. ఇవాళ బూర మోగింది. వినడం మానేసింది గానీ మాట్లాడడం మానలేదు.

"తీరం పటాలాలన్నిటికీ. ఏడో కట్ట పటాలం సేవా చరిత్ర," అంటూ మొదలుపెట్టింది. షష్ఠి సాయంత్రం కట్ట తెగిందట. పూర్తి బలంతో ఉన్న పటాలం ఒక్క పూటలో మొత్తం కొట్టుకుపోయిందట. హాజరుకి పలికిన ఆఖరి పదిమందీ ఆ రాత్రి పోటు దాకా గండికి అడ్డుపడి ప్రాణాలు వదిలారట. వాళ్ళ త్యాగం వల్ల నడిమిలంక ప్రజలు క్షేమంగా గోడ లోపలికి చేరారట. లోపలి గోడ తలుపులు మూసి, కాంక్రీటు పోసి బిగించారట. ఏడో నంబరు ఇక ఏ పటాలానికీ ఇవ్వరట.

తర్వాత పదిమంది పేర్లూ చదివింది. నాది కూడా. కొప్పిశెట్టి ఇందుమతి, పటాల చరిత్రకారిణి. నా చరిత్ర నాకంటే ముందు అదే రాసేసింది.

ఒక్క సాయంత్రంలో అంతమంది పలకకపోతే గణకానికి ఇంకేం అర్థమవుతుంది? తెగని కట్ట మీద కూర్చుని మా చావు వార్త విన్నాం. అందరికంటే ముందు గౌరి మాట్లాడింది. "పోన్లెండి, మంచి సావే రాసేడు," అంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

కార్తీక శుద్ధ దశమి

కట్ట దిగి లంక గుండా నడిచి మధ్యాహ్నానికి లోపలి గోడ చేరాం. దారి పొడుగునా కోతకొచ్చిన వరి. కొయ్యడానికి ఎవరూ లేరు. ఒక ఇంటి ముందు దండెం మీద బట్టలు ఇంకా ఆరుతున్నాయి.

తలుపు ఉన్నచోట తడి ఆరని కాంక్రీటు. గోడ నున్నగా ఉంది, చెయ్యి పట్టు దొరకదు. పై అంచున కాపలా యంత్రాలున్నాయి. బతికినవాళ్ళ జాబితాలో లేని ఒంటి వేడి ఏది పైకొచ్చినా కాలుస్తాయి. తలుపు పక్కన ఒక మాట్లాడే గొట్టం మిగిలింది. సుబేదారుగారు అందులోకి అరిచారు. చాలాసేపటికి ఒక గొంతు పలికింది. కుర్రగొంతు.

"తొమ్మిదో పటాలం జమాదారు కర్రి నిఖిలేష్‌నండి. ఇప్పుడు గోడ కాపలా మాదే. ఎవరండీ మీరు?"

"ఏడో పటాలం, బాబూ."

"ఏడో పటాలం లేదు కదండీ," అన్నాడు మెల్లగా.

జరిగిందంతా నేను చెప్పాను. అతను మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. అతనికి నమ్మకం కుదిరింది, అది గొంతులోనే తెలిసింది. పరుగెత్తుకెళ్ళి పై వాళ్ళని అడిగి వచ్చాడు. చచ్చినవాళ్ళని బతికినవాళ్ళుగా మార్చడానికి దరఖాస్తు పెట్టాలి. గణకం దాన్ని పరిశీలించడానికి పదిహేను రోజులు పడుతుంది. కాంక్రీటు తవ్వాలన్నా, కాపలా యంత్రాలు ఆపాలన్నా దాని అనుమతే కావాలి.

"పున్నమి ఎన్నాళ్ళుందండీ?" అన్నాడు, అతనికి తెలియక కాదు.

"అయిదు రోజులు," అన్నాను. కట్ట మీద ఎవరూ లేరు. పున్నమికి నీళ్ళు ఈ గోడ దాకా వస్తాయి. నాకు పిచ్చికోపం వచ్చింది. ఆ కుర్రాడి మీద, గణకం మీద, అందరికంటే ఎక్కువ నా మీద. గోడని గుద్దాను. చెయ్యి వాచింది.

అవతల అతను ఏడుస్తున్నాడు. "మీ పేర్లు చెప్పండి, అమ్మా. పదిమందివీ చెప్పండి. మేం కూడా మీ పటాలాన్ని చూసే నేర్చుకున్నాం. పోయినోళ్ళ పేర్లకి మూడేళ్ళ నుంచీ పలుకుతున్నాం. రేపట్నుంచి మీ పేర్లకీ పలుకుతాం. మీరెవరూ పోనట్టే."

గౌరి నోరు తెరిచింది. సుబేదారుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"బాబూ, మీకెంతమంది పోయేరు?"

"సగానికి పైగా అండి."

"మనుషుల్ని అడిగితే ఏటి పంపుతున్నారు మీకు?"

"బియ్యం అండి," అన్నాడు.

సుబేదారుగారు గొట్టానికి ఇంకా దగ్గరగా జరిగారు. చిన్నపిల్లాడికి చెబుతున్నట్టు చెప్పారు. "మా పేర్లకి పలకొద్దు. మీ ఓళ్ళ పేర్లకీ పలకొద్దు. అలాగని ఒక్కసారే ఆపొద్దు, మాలాగైపోతారు. రోజుకొక్క పేరు ఆపండి. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు. అప్పుడు దానికి అర్తవవుద్ది, మనుషుల్ని పంపుద్ది."

"మావాళ్ళు ఒప్పుకోరండి. ముందు ఎవరి పేరంటే కొట్టుకుంటారు."

"తెల్సు. నీకెవరన్నా ఉన్నారా అందులో?"

"మా తమ్ముడండి. ప్రణవ్."

"అయితే ఈ సాయంత్రం ఆడి పేరుతో మొదలెట్టు. జమాదారువి, నువ్వే మొదలెట్టాల." సుబేదారుగారు గొట్టాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. "మేం సీటీ తీత్తే మా అమ్మాయి పేరే వచ్చింది బాబూ. ఆ రోజు నేను సరేనని ఉంటే ఈ పదిమందీ ఇయ్యాల నీ పక్కనుందురు. అది ఎప్పుడో ఎల్లిపోయింది. నేనే ఎల్లనివ్వలేదు."

అతను సరేననలేదు, కాదనలేదు. గొట్టం మూయకుండా వెళ్ళాడు.

పొద్దు వాలింది. గోడకి ఆనుకుని కూర్చున్నాం. ఇది రాస్తుండగా గొట్టంలోంచి తొమ్మిదో పటాలం హాజరు వినబడడం మొదలైంది. పేరు, జవాబు. పేరు, జవాబు. బతికినవాళ్ళెవరో పోయినవాళ్ళెవరో గొంతుని బట్టి చెప్పలేం. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"కర్రి ప్రణవ్."

ఎవరూ పలకలేదు. అవతల కొందరు గుసగుసలాడారు, ఎవరో ఏడ్చారు. జవాబు మాత్రం రాలేదు. నా పక్కన సుబేదారుగారు రెండు చేతులతో తన నోరు గట్టిగా మూసుకుని ఉన్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

అవతల తర్వాతి పేరు పిలిచారు.